పిల్లల ప్లీహంలో సిస్ట్ ఉందంటే ప్లీహం తీసేయాల్సిందేనా?

అక్కర్లేదు, చాలామంది విషయంలో అసలు ఆపరేషన్ అవసరమే రాదు.

ప్లీహం (స్ప్లీన్) అంటే కడుపులో ఎడమ పక్కటెముకల కింద ఉండి, ఇన్ఫెక్షన్లతో పోరాడటానికి సాయపడే అవయవం. సిస్ట్ అంటే నీటితిత్తి. పిల్లల్లో, యువకుల్లో ఇది ఎక్కువగా పుట్టుకతో ఏర్పడేదే, లేదా ఎప్పుడో ఆటల్లో పడి ఎడమ పక్కటెముకల కింద దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టి, అది మెల్లగా నీరుగా మారి మిగిలిపోయినదై ఉంటుంది. క్యాన్సర్ కావడం చాలా అరుదు. పుట్టుకతో వచ్చే సిస్టుల్లో క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే సీఏ 19-9 అనే రక్తపరీక్ష విలువ పెరిగి కనిపించవచ్చు, అది చూసి టెన్షన్ పడిపోకండి.

మూడో రకం హైడాటిడ్ సిస్ట్, కుక్కల నుంచి వచ్చే బద్దెపురుగు వల్ల వస్తుంది. గొర్రెలు, కుక్కలు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలైతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇది కాదని తేలకుండా సూదితో నీరు లాగితే లోపలి ద్రవం కారి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. మామూలు సిస్టుకైనా ఊరికే నీరు లాగేస్తే మళ్లీ నిండుతుంది.

చిన్నదై, నొప్పి లేకపోతే అప్పుడప్పుడూ అల్ట్రాసౌండ్ చేయించుకుంటే సరిపోతుంది. 5 సెంటీమీటర్లు దాటితేనో, నొప్పి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపించడం ఉంటేనో సర్జరీ గురించి ఆలోచిస్తారు. అప్పుడు కూడా వీలైతే లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో) సిస్ట్ ఉన్న భాగమే తీయమని గట్టిగా అడగండి. ప్లీహం మొత్తం తీసేస్తే న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియాతో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ముప్పు జీవితాంతం ఉంటుంది, తప్పనిసరైతే కనీసం 2 వారాల ముందే టీకాలు వేయించాలి.

దెబ్బ తగిలాక హఠాత్తుగా కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే సిస్ట్ పగిలిందేమో, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.