ఆనీ ఎర్నోకు ఫ్రాన్సులో అంత గౌరవం ఎందుకు?

ఫ్రెంచి రచయిత్రి ఆనీ ఎర్నో తన సొంత బతుకు తప్ప మరేదీ రాయలేదు కదా, అటువంటప్పుడు ఫ్రాన్సులో అంత స్థానమూ, 2022లో నోబెల్ బహుమతీ ఎలా దక్కాయని మీరు అడిగారు. హైదరాబాదులో ఫ్రెంచి చదువుకునే రోజుల్లో ఆమె తన తండ్రి గురించి రాసిన ‘లా ప్లాస్’ అనే పుస్తకం మాకు పాఠ్యంగా ఉండేది కనుక, ఆ అనుభవంతో చెబుతాను.

ఆమె 1940లో ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో, లిల్‌బోన్‌లో పుట్టి, ఆ దగ్గరలోని ఈవ్‌తో అనే చిన్న ఊళ్లో పెరిగారు. తండ్రి చిన్నతనంలోనే బడి మానిపించబడి పాలేరుగా పనిచేసి, తరువాత ఫ్యాక్టరీలో చేరి, చివరికి భార్యతో కలిసి ఒక పచారీ కొట్టూ దాన్ని ఆనుకుని ఒక చిన్న కెఫే నడిపారు. కూతురు ఉపాధ్యాయ పదవికి పరీక్ష నెగ్గిన రెండు నెలలకే, 1967లో, ఆయన చనిపోయారు. ఆయన మీద ఆమె మొదట ఒక నవల మొదలుపెట్టి, సగంలో ఏవగింపు కలిగి ఆపేశారు. లేమికి తలవంచి బతికిన మనిషి గురించి రాసేటప్పుడు అలంకారాలను ఆశ్రయించే హక్కు తనకు లేదని నిశ్చయించుకుని, తల్లిదండ్రులకు ఉత్తరాల్లో క్షేమసమాచారాలు రాసిన ఆ చదునైన భాషలోనే ‘లా ప్లాస్’ రాశారు. అది 1983లో వెలువడింది, 1984లో రెనోదో అనే ఫ్రెంచి సాహిత్య బహుమతి పొందింది.

మా నాన్నదీ కిరాణా కొట్టే. కిరసనాయిలు కొలిచిన చేతులతో ఆయన నా పుస్తకాలు ముట్టుకునేవారు కాదు, ఏదైనా చూపించమంటే పేజీలు నన్నే తిప్పమనేవారు. అది మర్యాద అనుకున్నానే గాని, దాని వెనక ఉన్న బెరుకు నాకు అప్పుడు తెలియలేదు. ‘లా ప్లాస్’లో తండ్రి చనిపోయాక ఆయన పర్సులో మడతపెట్టిన ఒక పాత పత్రిక ముక్క దొరుకుతుంది, టీచర్ ట్రైనింగు ప్రవేశ పరీక్ష ఫలితాల్లో రెండో పేరు కూతురిది. ఎర్నో ఆ సంగతి చెప్పి, ఒక్క మాట కూడా అదనంగా చేర్చకుండా ముందుకు వెళ్లిపోతారు. హాస్టల్లో ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. నా దృష్టిలో ఆమె గొప్పతనం అక్కడే ఉంది: తండ్రిని చూసి జాలిపడమనీ అడగరు, ఆయన్ను మహాత్ముణ్ణీ చేయరు.

ఇక ధైర్యం సంగతి. ఫ్రాన్సులో గర్భస్రావం నేరమైన కాలంలో, 1964లో, విద్యార్థినిగా ఉండగా ఆమె చాటుగా గర్భస్రావం చేయించుకున్నారు. చట్టం 1975లో మారింది. అంతకు ఒక సంవత్సరం ముందే, 1974లో, తన మొదటి నవలలో ఆ విషయం రాశారు. 2000లో మళ్లీ అదే సంగతిని, ఈసారి కల్పన లేకుండా, ‘లెవెన్‌మాఁ’ (సంఘటన) పేరుతో రాశారు. దాని ఆధారంగా తీసిన చిత్రానికి 2021లో వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. పేరు వచ్చాక కూడా ఉపాధ్యాయ వృత్తి వదలలేదు, 2000 దాకా దూరవిద్యా సంస్థలో పనిచేశారు.

ఆమెను తక్కువచేసి మాట్లాడే విమర్శకులు ఫ్రాన్సులో ఇప్పటికీ ఉన్నారు, శైలి బొత్తిగా పేలవమని వారి అభియోగం. సొంత బతుకే రాస్తారన్న మీ ఆక్షేపణకు మాత్రం 2008 నాటి ఆమె పుస్తకం ‘లెజానే’ (సంవత్సరాలు) చదవండి. యుద్ధం తరువాతి ఫ్రాన్సులోని అరవై ఏళ్లకు పైబడిన కాలాన్ని ఫొటోలు, పాటలు, ప్రకటనలు, ఎన్నికలు, పండగ భోజనాల బల్ల దగ్గరి మాటల మీదుగా చెప్పిన ఆత్మకథ అది. అందులో ఆమె తనను ‘ఆమె’ అనీ, తన తరాన్ని ‘మేము’ అనీ అంటారు; కథనంలో ‘నేను’ అన్న మాట వాడరు. ముందు ‘లా ప్లాస్’తో మొదలుపెట్టండి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.