రవివర్మను చూసి వేస్తే రవివర్మ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. మూడు నెలలుగా ఫోన్‌లో రవివర్మ బొమ్మ పెట్టుకుని ఆయిల్ కలర్స్‌తో దాన్నే వేస్తోంది. బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) చదువుతానంటోంది. ఉన్న బొమ్మనే మళ్లీ వేస్తే ఏం వస్తుంది?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: చాలా వస్తుందండీ, ఆ ఫోన్ పక్కన పెడితే. రవివర్మ కూడా చూసి నేర్చుకున్నవాడే. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన చిత్రకారుడు థియోడార్ జెన్సన్ ఆయనకు నేర్పడానికి ఇష్టపడలేదు, తాను బొమ్మ వేస్తుంటే మాత్రం చూడనిచ్చాడు.

మీకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. అక్కడ రవివర్మ నూనెరంగుల చిత్రాలున్నాయి. శుక్రవారం సెలవు, మిగతా ఏ రోజైనా తీసుకెళ్లండి. రంగు ఎక్కడ పలచగా పూశాడో, ఎక్కడ మందంగా పెట్టాడో ఫోన్ తెర చెప్పదు. నీడలో దాగిన రంగులనైతే అసలే చూపించదు.

ఇక పద్ధతి. బొమ్మంతా ఒకేసారి వద్దు, ఒక ముఖమో చెయ్యో చాలు. ముందు రా అంబర్‌ అనే గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలచన చేసి వెలుగునీడలు మాత్రం వేయమనండి. అది ఆరాకే పై పొరలు. పైకి వెళ్లేకొద్దీ లిన్‌సీడ్ (అవిసె) నూనె కాస్త పెరగాలి. ఈ వరస తిరగేస్తే పై పొర ముందే ఆరిపోయి, తర్వాత పగుళ్లిస్తుంది. ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడేది. అందుకే రోజులు పడుతుంది. (అన్నట్టు, ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయనివ్వకండి. వాటంతటవే అంటుకోగలవు.)

అయితే కాపీ ఎంత బాగా కుదిరినా దాన్ని చూసి సీటివ్వరు. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ నాలుగేళ్లు, ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ప్రవేశపరీక్షలో మాత్రం ఎదురుగా పెట్టిన వస్తువును చూసి గీయాలి, జ్ఞాపకం నుంచీ గీయాలి. రెండింటికీ పెన్సిల్ పట్టు కావాలి. వారంలో రెండు రోజులు కాపీకి చాలు, మిగతావి మనుషుల్ని చూసి గీయడానికే.

సంపాదన సంగతీ దాచను. బొమ్మలు అమ్ముకునే బతకడం తేలిక కాదు. చాలామంది యానిమేషన్‌లోనో, ప్రకటనల్లోనో, బళ్లో డ్రాయింగ్ టీచరుగానో స్థిరపడుతుంటారు. రవివర్మ కాపీ అమ్మితే కాపీ అనే చెప్పి అమ్మాలి, అది గట్టిగా చెప్పండి.

మనుషులెక్కడ దొరుకుతారంటారా? ఈ ఆదివారం మీరే పేపరు పట్టుకుని గంటసేపు ఆమె ఎదుట కదలకుండా కూర్చోండి.