పిరికివాడన్న మాట తగలాల్సింది మనవడికి కాదు

హ్యూస్టన్‌లో ఉంటున్న ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పదిహేడేళ్ళ కొడుకు స్కూలు కోసం మహమ్మద్ అలీ మీద వ్యాసం రాశాడు. నా మతం ఒప్పుకోదంటూ వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్న బాక్సరే గొప్ప ధైర్యవంతుడన్నది దాని సారాంశం. ఇండియా నుంచి వచ్చి ఉన్న మామగారు రిటైర్డ్ సుబేదార్, మిలిటరీ మాధవరం పక్క ఊరాయన. ఆ వ్యాసం చదివి, "దేశం పిలిస్తే దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నవాడు పిరికివాడు, వాణ్ణి పొగిడేవాడూ పిరికివాడే" అన్నారట. అప్పటి నుంచి తాతామనవళ్ళకు మాటల్లేవు. పెద్దాయన భోజనం గదిలోకే వెళుతోంది. "అలీ చేసింది తప్పో ఒప్పో మీరే తేల్చండి, మీ జవాబు ఇద్దరికీ చదివి వినిపిస్తాను" అని ఆవిడ కోరిక. చివర్లో, అవసరమో కాదో అంటూనే ఒక సంగతి రాశారు. ఆవిడ భర్త సైనిక్ స్కూల్లో చదివి, సైనికాధికారులను తయారుచేసే ఎన్‌డీఏ అకాడమీ రాతపరీక్ష పాసయ్యాడు. కానీ దాని తరవాత భోపాల్‌లో జరిగే ఎస్ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూకి వెళ్ళకుండా హైదరాబాద్‌లో స్నేహితుడి గదిలో గడిపి, ఇంటికొచ్చి "రిజెక్ట్ అయ్యాను" అని చెప్పాడు. ఈ గొడవంతా జరుగుతున్నా ఆయన నోరు విప్పలేదు.

అమ్మా, ఈ జవాబు ఎవరికీ చదివి వినిపించకండి. మీ ఇంట్లో తీర్పు కావలసింది అలీ మీద కాదు.

అయినా అడిగారు కాబట్టి ఆ ముక్క ముందు చెప్పేస్తాను, ఇద్దరి దగ్గరా తప్పులున్నాయి. అలీ పారిపోయాడని మామగారి లెక్క. పారిపోలేదు. ఆ రోజుల్లో వేలమంది కుర్రాళ్ళు సరిహద్దు దాటి కెనడా చేరారు, ఆయన వెళ్ళలేదు. 1967 ఏప్రిల్ 28న, మీరున్న హ్యూస్టన్‌లోనే, సైన్యంలో చేర్చుకునే కేంద్రానికి తన కాళ్ళ మీద తనే వెళ్ళాడు. పేరు పిలిస్తే ఒక అడుగు ముందుకు వేయాలి, వేస్తే సైనికుడైనట్టు. పిలిచారు, కదల్లేదు. పక్కకు తీసుకెళ్ళి, ఐదేళ్ళ జైలు పడుతుందని చెప్పి మళ్ళీ పిలిచారు. అప్పుడూ కదల్లేదు. కదలననే మాట రాసివ్వమంటే రాసిచ్చాడు. ఆ రోజే న్యూయార్క్ బాక్సింగ్ లైసెన్సు పోయింది, ఛాంపియన్ బిరుదు లాగేసుకున్నారు. జూన్ 20న జ్యూరీ 21 నిమిషాల్లో దోషి అని తేల్చింది. ఐదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా. పాస్‌పోర్టు తీసేసుకోవడంతో బయటి దేశాల్లో ఆడి సంపాదించుకునే దారీ మూసుకుపోయింది. 25 ఏళ్ళ వయసు నుంచి 28 దాటేదాకా, బాక్సర్ ఒళ్ళు మంచి పదునులో ఉండే మూడున్నరేళ్ళు, ఒక్క పోటీ లేదు. యూనిఫాం వేసుకుని సైనికుల ముందు ప్రదర్శన పోటీలు ఆడుకోవచ్చని ఆశ కూడా చూపారు. పిరికివాడైతే ఒప్పుకునేది దానికే.

ఇక మీ అబ్బాయి. అలీ జైలుకెళ్ళాడని రాశాడన్నారు, అది తప్పు. ఈ కేసులో ఆయన జైలుకెళ్ళలేదు, అప్పీలు నడిచినంతకాలం బెయిలు మీదే ఉన్నాడు. "సుప్రీంకోర్టు అలీదే న్యాయమంది" అన్న వాక్యం కూడా సరి కాదు. నమ్మకాల కారణంగా యుద్ధం నుంచి మినహాయింపు అడిగితే అక్కడి చట్టం మూడు సంగతులు చూసేది: ఏ యుద్ధానికైనా వ్యతిరేకమా, ఒక్క ఈ యుద్ధానికేనా? అది మతవిశ్వాసం నుంచి వచ్చిందా? మనసులో నిజంగా ఉన్నదేనా? అలీకి చిక్కు మొదటి దాని దగ్గరే వచ్చింది, అల్లా ఆజ్ఞాపించిన యుద్ధమైతే చేస్తానన్నాడు కాబట్టి. కానీ ఆ మినహాయింపు మీద తేల్చాల్సిన అప్పీల్ బోర్డు కారణం చెప్పకుండానే అలీ దరఖాస్తు కొట్టేసింది. తరవాత సుప్రీంకోర్టులో ప్రభుత్వమే మిగతా రెండు సంగతులూ ఒప్పుకుంది. బోర్డు ఏ కారణంతో కొట్టేసిందో తెలియనప్పుడు శిక్ష నిలబడదని 1971 జూన్ 28న న్యాయమూర్తులు 8-0తో దాన్ని కొట్టేశారు. గెలిచింది ఆయన సిద్ధాంతం కాదు, బోర్డు చేసిన పని ఓడిపోయింది. ఇంకోటి, ఆ మినహాయింపు దొరికినా ఇంట్లో కూర్చోనివ్వరు. ఆసుపత్రిలోనో ఇంకెక్కడో రెండేళ్ళు పౌరసేవ చేయాలి. "వెళ్ళనివాడి బదులు ఇంకో ఇంటి పిల్లాడు వెళ్ళాడు కదా" అని మామగారు అన్నారట. ఆ మాటలో నిజముంది. సైన్యానికి కుర్రాళ్ళను పిలిచే స్థానిక బోర్డులకు నెలనెలా ఇంతమందిని పంపాలని లెక్క ఉండేది. అబ్బాయి వ్యాసంలో దానికి జవాబు లేదు, ఉండాలి.

ఆ వ్యాసంలో ఇంకో వాక్యం: "చంపడానికి బయల్దేరేవాడి కంటే వెళ్ళనని చెప్పేవాడే ధైర్యవంతుడు." మామగారు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి ఉంటారు. అది ఆయన మొత్తం సర్వీసును కొట్టిపారేసే మాట. మన దేశంలో నిర్బంధ సైన్యం లేదు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, తనే రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరిగెత్తి చేరారు. అబ్బాయిని ఆ ఒక్క వాక్యం తీసేయమనండి. అలీని తీయనక్కర్లేదు. తాతగారికి క్షమాపణ ఉత్తరం రాయించడం లాంటివి మాత్రం చేయకండి, పదిహేడేళ్ళ పిల్లాడి చేత రాయించినదని ఆయనకు మొదటి లైనులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రిజెక్ట్ అయ్యానని మీవారు చెప్పిన రోజున మామగారు ఏమన్నారో కూడా మీరు రాశారు: "చెస్ట్ నంబర్ ఎంత?" అన్నారు, మీవారు తడబడ్డారు, ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అమ్మా, ఎస్ఎస్‌బీకి వెళ్ళినవాడు చెస్ట్ నంబర్ మరిచిపోడు. అక్కడున్నన్నాళ్ళూ పేరుతో కాదు, ఆ నంబరుతోనే పిలుస్తారు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకు రైలు ఛార్జీ కూడా ఇస్తారు. సుబేదార్‌గారికి ఇవన్నీ కొట్టిన పిండి. కొడుకు అబద్ధమాడాడని ఆయనకు ఆ క్షణమే తెలిసింది. తెలిసీ ఊరుకున్నారు. రెజిమెంట్ ఏది అని పలకరించే ఊళ్ళో, కొడుకు ఇంటర్వ్యూలో పోయాడని నలుగురికీ తనే చెప్పుకున్నారు. మీవారిని కాపాడింది ఆయనే. పాతికేళ్ళుగా ఆ తండ్రీకొడుకులు ఆరోగ్యం, డబ్బులు, టికెట్లు తప్ప మాట్లాడుకోలేదని మీరే అంటున్నారు. మనవడి వ్యాసంలో వెళ్ళనన్నవాణ్ణి మెచ్చుకోవడం కనిపించగానే, అన్నాళ్ళూ మింగిన మాట బయటికొచ్చింది. అది తగలాల్సినవాడు పక్క సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు.

నా అభిప్రాయం దాచను. సైన్యానికి వెళ్ళకపోవడం తప్పు కాదు. వెళ్ళనని ఎదురుగా నిలబడి చెప్పకపోవడం తప్పు. ఇప్పుడు తన కొడుకు ఆ మాట పడుతుంటే గమ్మున కూర్చోవడం ఇంకా పెద్ద తప్పు. మీవారు సిగ్గుపడాల్సింది దీనికే.

మీరు చేయవలసినవి కొన్ని. రేపటి నుంచి పళ్ళెం గదిలోకి పంపకండి. "మామయ్యగారూ, వడ్డించాను" అని పిలవండి, రాకపోతే మూతపెట్టి ఉంచండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే మనిషైతే మాత్రం వేళ దాటనివ్వకండి. "మీ నాన్న ఇలా అన్నారు, మీ అబ్బాయి అలా అన్నాడు" అని మాటలు మోయడం మానేయండి. మీరు మోస్తున్నంతకాలం మీవారికి నోరు తెరిచే అవసరం రాదు.

మీవారితో మాత్రం ఒకసారి గట్టిగా మాట్లాడండి. తండ్రి పొద్దున్నే నడకకు వెళతారన్నారుగా, ఆయన వెంట వెళ్ళమనండి. మీరు వెళ్ళకండి, అబ్బాయీ వద్దు. కారులో వద్దు, తిరుగు ప్రయాణం ముందురోజు అసలే వద్దు. చెప్పాల్సింది కొంచెమే: "నాన్నా, నేను భోపాల్ వెళ్ళలేదు. నాకు ఇష్టం లేదని మీతో చెప్పడానికి భయపడ్డాను." సాధారణంగా ఈ మాట ఎక్కడ చెడుతుందంటే, "పిల్లాడు తెలియక రాశాడు నాన్నా" అని మొదలుపెడతారు. అలా మొదలుపెడితే మళ్ళీ పిల్లాడి వెనక దాక్కున్నట్టే. ఇంజినీరింగ్ చదివి ఎంత బాగుపడ్డాడో ఆ పూట ఎత్తకూడదు. ఆయన జవాబు చెప్పకుండా నడుస్తూనే ఉండొచ్చు, తిట్టొచ్చు కూడా. మీవారు ఎదురు సమాధానం చెప్పకుండా ఇంటిదాకా పక్కనే నడవాలి. "నాకు తెలుసులేరా" అని ఒక్కమాటతో తేల్చేసినా ఆశ్చర్యపోకండి.

మీవారు దీనికీ ఒప్పుకోకపోతే మీరు వెళ్ళి మామగారికి చెప్పేయకండి. కోడలి నోటి నుంచి వింటే ఆయన పరువు ఇంకోసారి పోతుంది. అప్పుడు మీవారికి ఒకటే చెప్పండి: అబ్బాయిని పిరికివాడని ఇంకెప్పుడన్నా అంటే, ఆ పూట "ఆ మాట నన్ననండి నాన్నా" అనాల్సింది ఆయనే.

పోతే, మీ అబ్బాయి అమెరికాలోనే పుట్టాడన్నారు. పద్దెనిమిది నిండిన మగపిల్లలకు అక్కడ సెలెక్టివ్ సర్వీస్ నమోదు, అంటే అవసరమైతే సైన్యానికి పిలవడానికి పెట్టుకునే జాబితాలో పేరు, చట్టప్రకారం ఉండాలి, పుట్టినరోజు దగ్గర పడగానే ప్రస్తుత పద్ధతి అధికారిక సైటులో చూసుకోండి. నమోదంటే సైన్యంలో చేరడం కాదు, 1973 నుంచి అక్కడ ఎవరినీ బలవంతంగా పిలవలేదు. నమ్మకాల కారణంగా మినహాయింపు అడగడానికి అందులో గడి ఏదీ ఉండదు, అలాంటి దరఖాస్తు నిజంగా పిలుపొచ్చాక పెట్టుకునేది. వ్యాసం వేడిలో "నేను నమోదు చేసుకోను" అని అబ్బాయి తాతగారి ముందు అనకుండా, ఈ సంగతి వాడికి ముందే చెప్పి ఉంచండి.