'ఓ' గ్రూపు అని రాసే ముందు

పాపా,

కర్నూలులో బ్లడ్ బ్యాంకు ఉద్యోగంలో చేరావని మీ నాయన ఫోన్ చేశాడు. సంతోషం. జీతం తక్కువ, టెన్షన్ ఎక్కువ, అయినా నీకు సరిపోయే పనే. గ్రూపింగ్ గురించి ఒక్క మాట చెబుతా, విను. 'ఓ' వచ్చింది కదా అని అక్కడితో ట్యూబులు పక్కన పెట్టేయకు.

రోగి ఎర్రకణాలకు నీలం రంగు యాంటీ-ఏ వేశావు, పసుపు రంగు యాంటీ-బి వేశావు (ఒకటి 'ఏ'ని, ఒకటి 'బి'ని పట్టుకునే యాంటీబాడీల ద్రావణాలు), రెండింట్లోనూ కణాలు గడ్డ కట్టలేదు. అంటే 'ఏ' చక్కెర, 'బి' చక్కెర కనబడలేదని, అంతే. ఆ చక్కెరలు కణం మీద ఊరికే వచ్చి అతుక్కోవు. వాటిని తెచ్చి తగిలించే ఎంజైములున్నాయి. గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజులని కాలేజీలో బట్టీ పట్టే ఉంటావు. ముందు ఒక ఎంజైము ఫ్యూకోజ్ అనే చక్కెరను తగిలిస్తుంది. అప్పుడు తయారయ్యేదే హెచ్. హెచ్ ఉంటేనే దాని మీద 'ఏ' ఎంజైము ఎన్-అసిటైల్ గెలాక్టోజమీన్‌ను, 'బి' ఎంజైము గెలాక్టోజ్‌ను చేరుస్తాయి. ఈ రెండు ఎంజైములకూ తేడా నాలుగంటే నాలుగు అమైనో ఆమ్లాలు. ఆ కాస్త తేడాకే తప్పు రక్తం ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది! 'ఓ' వాళ్లలో చాలామందికి ఆ జన్యువులో ఒక్క అక్షరం రాలిపోయి ఎంజైము పనికిరాకుండా పోతుంది. అందుకే వాళ్ల కణాల మీద హెచ్ నిండుగా మిగిలి ఉంటుంది.

అసలు చిక్కు ఆ హెచ్ కూడా లేనివాళ్లతో. 1952లో బొంబాయిలో మొదట గుర్తించారు గనక బాంబే గ్రూపు అంటారు. వీళ్లకు ఫ్యూకోజ్ తగిలించే ఎంజైమే పనిచేయదు. లోపల 'ఏ' ఎంజైము దిట్టంగా ఉన్నా ఏం లాభం? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నీ ట్యూబులో మాత్రం అచ్చం 'ఓ' లాగే కనబడతారు. 'ఓ' రక్తం ఎక్కించావో, వాళ్ల ఒంట్లోని యాంటీ-హెచ్, అంటే హెచ్ మీద దాడి చేసే యాంటీబాడీ, ఆ కణాలను పగలగొట్టేస్తుంది. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరు ఇలా ఉంటారంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువే వస్తే గానీ ఇలా కాదు. మనవైపు మేనరికాలు ఎక్కువని నీకు చెప్పాలా?

కాబట్టి రివర్స్ గ్రూపింగ్‌లో, అంటే రోగి సీరంలో ఏ యాంటీబాడీలున్నాయో చూసేటప్పుడు, ఆ సీరంకు (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) 'ఏ' కణాలు, 'బి' కణాలే కాదు, 'ఓ' కణాలు కూడా వెయ్యి. ఆ మూడో ట్యూబు దగ్గరే కొందరికి పిసినారితనం వస్తుంది. అదీ గడ్డ కట్టిందనుకో, ఆగు. వెంటనే బాంబే అని కేకలు పెట్టకు. రోగి సీరంలో రోగి కణాలే వేసి ఆటో కంట్రోల్ చూడు. అది కూడా గడ్డ కడితే కథ వేరు, సీనియర్‌ను పిలువు. కట్టకపోతే రోగి కణాలకు యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్‌ను పట్టుకునే ప్రోటీను) వేసి చూడు. మామూలు 'ఓ' కణాలు దానితో గట్టిగా ముద్దకడతాయి, బాంబే కణాలు విడివిడిగానే తేలుతుంటాయి.

నాలుగు నెలలలోపు పసిబిడ్డలకు రివర్స్ నమ్ముకోకు. వాళ్ల సొంత యాంటీబాడీలు అప్పటికి సరిగా తయారై ఉండవు. ఇక మే నెలలో యాంటీ-ఏ, యాంటీ-బి లాంటి యాంటీసీరా సీసాలు బల్ల మీద వదిలేస్తే సంగతి అంతే. వాడగానే ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టు.

బాంబే అని ఖాయంగా తేలితే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించి టెస్ట్ చేయించు. ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, రేపు అవసరానికి రక్తమిచ్చేది వాళ్లే కావచ్చు. కార్డు మీద మాత్రం 'ఓ' అని రాయొద్దు. అలా రాసిన తండ్రికి రేపు 'ఏ' గ్రూపు బిడ్డ పుడితే ఆ ఇంట్లో ఎంత రచ్చవుతుందో ఊహించుకో.

నీ చిన్నాయన