స్వీడ్ వేర్లకి అల్లం కొమ్ముల్లా గడ్డలు వచ్చాయి, సున్నం వేయమంటున్నారు, వేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది కడప వైపు, ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ చిన్న అలాట్‌మెంట్, అంటే కూరగాయలు పెంచుకోడానికి అద్దెకిచ్చే చెక్క, తీసుకుని రెండేళ్లుగా స్వీడ్ అనే టర్నిప్ లాంటి దుంపలు వేస్తున్నా. పోయినేడు కోస్తే దుంప లోపల గోధుమ రంగు మచ్చలు, ఉడికించినా చేదు. ఈసారి మేలో విత్తా, ఆగస్టులో మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయి సాయంత్రానికి మళ్లీ లేస్తున్నాయి. ఒకటి పీకితే వేర్లకి అల్లం కొమ్ముల్లా గడ్డలు. నులిపురుగులా? పక్క ప్లాట్ పెద్దాయన సున్నం వేయమంటున్నాడు. ఎంత వేయాలి, ఏ మందు కొట్టాలి?

జవాబు: అమ్మా, ముందు మందు సంగతి చెప్పేస్తా, ఇంటి తోటలో దీనికి కొట్టే మందు లేదు, ఎవరైనా అమ్మజూపినా కొనకండి. మన దగ్గర టమాటాకి, బెండకి వేర్ల మీద బుడిపెలు వస్తే నులిపురుగులే కాబట్టి మీకు ఆ అనుమానం రావడం సహజం, కానీ స్వీడ్ అనేది క్యాబేజీ కుటుంబం, ఆ కుటుంబానికి ఆ చల్లటి తడి నేలల్లో పట్టే పీడ క్లబ్‌రూట్, అంటే వేర్లు ఉబ్బి గడ్డలు కట్టే మట్టి తెగులు.

అయినా నా మాట మీద వెళ్లిపోకండి, ఆ గడ్డని కత్తితో అడ్డంగా కోసి చూడండి. లోపల బోలుగా ఉండి చిన్న తెల్ల పురుగు ఉందా, అది గాల్ వీవిల్ అనే ముక్కు పురుగు పని, దానివల్ల పంటకి పెద్ద నష్టం ఉండదు, వదిలేయొచ్చు. లోపలంతా గట్టిగా నిండుగా ఉండి, పురుగు గానీ సొరంగం గానీ లేకపోతే క్లబ్‌రూటే. మీరు చెప్పినట్టు ఆకులు వాడిపోయి మళ్లీ లేవడం చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది, ఎందుకంటే వేరు పాడైన మొక్క ఎండపూట నీళ్లు లాగలేదు, చల్లబడ్డాక తేరుకుంటుంది. గడ్డ లేకుండా దుంప పైన సొరంగాలు తవ్వినట్టుంటే అది మళ్లీ వేరే కథ, క్యాబేజీ రూట్ ఫ్లై, దానికి సన్న వల కప్పి అంచులు మట్టిలో పూడ్చాలి, అదీ నిరుడు ఈ కుటుంబం మొక్కలు లేని చోటే, లేకపోతే మట్టిలో ఉన్న ప్యూపాల (పురుగు గూళ్ల) నుంచి ఈగలు వల లోపలే లేస్తాయి, దొంగని ఇంట్లో పెట్టి తాళం వేసినట్టు.

ఇక సున్నం. పెద్దాయన చెప్పింది కరెక్టే, క్లబ్‌రూట్ పులిసిన నేలలో రెచ్చిపోతుంది, పీహెచ్ (నేల పులుపుని చెప్పే నంబర్, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దాటిస్తే తగ్గుతుంది. చలికాలంలో చల్లి మట్టిలో కలపండి, పెంట ఎరువుతో కలిపి మాత్రం వేయొద్దు, నత్రజని గాల్లో కలిసిపోతుంది. కానీ ఆయన చెప్పనిది ఒకటుంది. మీ పోయినేటి గోధుమ రంగు మచ్చలు తెగులు కాదు, బోరాన్ అనే పోషకం లోపం. మీ వైపు వేరుశనగలో పప్పు మధ్యలో గుంటపడి రంగు మారుతుంది చూడండి, అదే లోపం ఇక్కడ దుంపలో కనిపిస్తోంది. ఇప్పుడు సున్నం దంచి వేశారనుకోండి, పీహెచ్ పెరిగేకొద్దీ ఉన్న కాస్త బోరాన్ కూడా మొక్కకి అందకుండా పోతుంది, వేరు బాగుపడి దుంప లోపల చెడుతుంది. అందుకే రెండూ కలిపి చూసుకోవాలి. విత్తే ముందు 20 చదరపు మీటర్లకి, అంటే మన లెక్కలో 24 గజాలకి, బోరాన్ ఉండే బోరాక్స్ పొడి 35 గ్రాములు ఇసుకలో కలిపి సమానంగా చల్లండి. చేయి జారి ఎక్కువేస్తే విషమే, తర్వాత వేసే బీన్స్ దెబ్బతింటాయి, కాబట్టి వంటింటి త్రాసులో తూచే వేయండి.

క్లబ్‌రూట్ మట్టిలో 20 ఏళ్ల దాకా బతుకుతుంది కాబట్టి ఒక్క ఏడాది సున్నంతో అయిపోయేది కాదు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు, కేల్ ఏదీ ఆ చెక్కలో పెట్టకండి, ఉల్లి, బంగాళాదుంప, బీన్స్ పెట్టుకోండి. మన ఆవకూర మీద ప్రేమతో ఆవాలు చల్లుతారేమో, అదీ వద్దు. పీకిన వేర్లు కంపోస్ట్‌లో వేయొద్దు, చెత్తబండికి ఇచ్చేయండి. పార, బూట్లు కడిగాకే ఇంకో చెక్కలోకి వెళ్లండి, ఆ బూటుకి అంటిన మట్టితోనే తెగులు ప్లాట్ దాటుతుంది. వచ్చేసారి వేరే చెక్కలో స్వీడ్ వేసేటప్పుడు మరియన్ గానీ ఇన్విటేషన్ గానీ వేయండి, రెండూ క్లబ్‌రూట్‌ని బాగానే తట్టుకునే రకాలు, పూర్తిగా రాదని మాత్రం అనుకోవద్దు. సాలుకీ సాలుకీ మూరకి కాస్త తక్కువ, మొక్కకీ మొక్కకీ జానెడు ఉంచి మిగతావి పీకేయండి, ఇక్కడే చాలామందికి చేయి రాదు, గుబురుగా వదిలేస్తే దుంప ఊరదు. మొలకల ఆకులకి సూది పొడిచినట్టు చిల్లులు పడితే ఫ్లీ బీటిల్, నేల తడారనివ్వకుండా చూస్తే మొక్క తొందరగా పెరిగి దాన్ని దాటేస్తుంది.

ఇప్పుడున్న మొక్కలకి మొదలు దగ్గర మట్టి ఎగదోసి నీళ్లు ఆపకుండా ఇవ్వండి, పై నుంచి కొత్త వేర్లు వేసుకుని కొన్నైనా దుంప కడతాయి. జనవరి 25న స్కాట్లాండ్ కవి బర్న్స్ పేరిట జరిపే బర్న్స్ నైట్‌కి అందరూ నీప్స్ అంటూ వీటినే మెత్తగా మెదిపి హాగిస్ అనే మాంసం వంటకం పక్కన తింటారు కదా, మీ ఇంటికి సరిపడా దొరకొచ్చు.

సున్నం ఎంత అన్నారు, అది మాత్రం ఇప్పుడే చెప్పలేను, బంకమట్టికి ఎక్కువ పడుతుంది, ఇసుక నేలకి తక్కువ. తోట సామాను షాపులో పీహెచ్ కిట్ దొరుకుతుంది, నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి చూసి నంబర్ ఎంతొచ్చిందో, మట్టి ఎలాంటిదో రాయండి.