డెంటల్ ఇంప్లాంట్‌కు టైటానియం మంచిదా, సిరామిక్ మంచిదా?

ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే స్క్రూ. దానికి ఎక్కువమందికి టైటానియమే సరిపోతుంది. ముందుపళ్ల దగ్గర చిగురు బాగా పలచగా ఉన్నవాళ్లు, లోహం వద్దనుకునేవాళ్లు జిర్కోనియా సిరామిక్ గురించి ఆలోచించవచ్చు. ఎముక రెండింటినీ బాగానే పట్టుకుంటుంది. తేడా ఒత్తిడి దగ్గర వస్తుంది: టైటానియం కాస్త సాగి తట్టుకుంటుంది, జిర్కోనియా గట్టిదే కానీ పెళుసు, సన్నటి స్క్రూ అయితే విరగొచ్చు. పైగా సిరామిక్‌వి చాలావరకు ఒకే ముక్క. వంకరగా దిగితే సరిచేయడం కష్టం. టైటానియంలో స్క్రూ వేరు, అబట్‌మెంట్ (స్క్రూకూ పైన కనిపించే పన్నుకూ మధ్య ఉండే ముక్క) వేరు కాబట్టి వంపున్న అబట్‌మెంట్ బిగిస్తే సరి. ఉదాహరణకు, నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు దవడపన్ను మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ టైటానియమే మేలు.

లోహం పెడితే పన్ను నల్లగా కనిపిస్తుందన్నది అపోహ. స్క్రూ ఎముకలో ఉంటుంది, బయటికి కనిపించేది క్రౌన్, అంటే పైన పెట్టే పన్ను ఆకారపు తొడుగు. టైటానియం మీద కూడా తెల్లటి జిర్కోనియా క్రౌనే పెట్టుకోవచ్చు. చిగురు పలచనైతేనే అంచున బూడిదరంగు ఛాయ కనబడే అవకాశం ఉంది.