వియ్యాలవారింట క్రిస్మస్: అర్ధరాత్రి విందైతే షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడే నర్సుగా ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఈసారి క్రిస్మస్‌కి మా ఇద్దర్నీ రమ్మని కోడలి తల్లి పట్టుబట్టి పిలిచారు. వాళ్లది పంపాంగా ప్రావిన్సులోని శాన్ ఫెర్నాండో. డిసెంబరు 18 నుంచి జనవరి 2 దాకా అక్కడే ఉంటాం. ఇంటి నిండా పాతికమంది చుట్టాలు దిగుతారట. మావారికి 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా భోజనానికి ముందు వేసుకుంటారు. బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.8 ఉంది. అరికాళ్లు తిమ్మిర్లు. చికెన్, చేప తింటాం గానీ పంది, గొడ్డు మాంసం ముట్టం. వియ్యాలవారు పెట్టింది వద్దంటే ఏమనుకుంటారోనని ఆయనకు టెన్షన్. "పదిహేను రోజులే కదా, అన్నీ తినేస్తా" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారి బెంగంతా తిండి గురించి. నా బెంగ మాత్ర వేసుకునే టైము గురించి. ముందు అది చెబుతాను.

అక్కడ డిసెంబరు 24 రాత్రి చర్చిలో పూజ ముగించుకుని వచ్చి, అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తారు. దాన్ని నోచే బుయెనా అంటారు. 31 అర్ధరాత్రి మళ్లీ అలాంటి విందే ఉంటుంది. మీవారు అలవాటు ప్రకారం రాత్రి 8కి మాత్ర వేసుకుని, పన్నెండుకి ఎలాగూ విందు ఉందిగా అని పొట్ట ఖాళీగా ఉంచుకున్నారనుకోండి. గ్లిమెపిరైడ్‌కి ఆయన తిన్నారా లేదా అన్నది పట్టదు, ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. పదకొండు కొట్టేసరికి చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం మొదలవుతాయి. జనంతో కిక్కిరిసిన చర్చిలో అది ఉక్కపోత అనుకుంటారు. ఇలాగే ఒక పెద్దాయన్ను పెళ్లిపందిట్లోంచి నా దగ్గరకు మోసుకొచ్చారు. ఇంట్లోనే మాత్ర వేసుకుని వెళ్లారు. మొదటి బంతిలో చోటు దొరకలేదు. రెండో బంతి మగపెళ్లివారిది. మూడో బంతికి కుర్చీలోంచి జారిపోయారు. చూస్తే షుగర్ 48.

అందుకని ఆ రెండు రాత్రులూ 8 గంటలకే కొంచెం అన్నం, చేప, కూరతో మామూలు భోజనం చేయించండి. మాత్ర దానికే. అర్ధరాత్రి అందరితో కూర్చుని నాలుగు ముద్దలు తినొచ్చు, కానీ దానికోసం రెండో మాత్ర వద్దు. ఆయన జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 911కి ఫోన్ చేయాలి. అక్కడి అత్యవసర నంబరు అదే.

తెల్లవారుజాము సంగతి కూడా ఉంది. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు చీకటితోనే చర్చికి వెళ్తారు. సింబాంగ్ గాబి అంటారు. మనకు ధనుర్మాసం మొదలయ్యేదీ దాదాపు ఆ రోజే కాబట్టి మీకు వింతగా ఏమీ ఉండదు. పొద్దుటి మాత్ర వేసుకుని బయల్దేరకూడదు. తిరిగొచ్చి టిఫిన్ ముందు పెట్టుకున్నాకే వేసుకోవాలి. చర్చి బయట అరిటాకు వేసిన మట్టిమూకుడులో, కిందా పైనా నిప్పులు పెట్టి, బియ్యప్పిండి, కొబ్బరిపాలతో బిబింగ్కా కాలుస్తారు. పైన వెన్న, ఉప్పులో ఊరిన గుడ్డు, పంచదార, కొబ్బరికోరు వేస్తారు. ఆ వాసనకి ఎవరూ ఆగలేరు. ఆగమని నేనూ చెప్పను. ఒకటి కొని ఇద్దరూ సగం సగం తినండి, ఆ పూట ఇంట్లో అన్నం మానేయండి. అక్కడ పొద్దున కూడా వెల్లుల్లి వేసి వేయించిన అన్నం పెడతారు. రెండూ కలిస్తేనే షుగర్ మూడొందలు దాటేది.

వంట విషయంలో మీరు భయపడుతున్నంత దూరం లేదు. సినిగాంగ్ అని చింతపండుతో చేసే పులుసు ఉంది. పాలచేపతో చేయమనండి, మన చేపల పులుసు గుర్తొస్తుంది. తినోలా అంటే అల్లం, మునగాకు వేసిన కోడి చారు. కాల్చిన వంకాయ సలాడ్, కాకరకాయ వేపుడు వాళ్లకీ ఉన్నాయి. పళ్లెంలో సగం ఇవి, పావు వంతు అన్నం. అయితే కూరగాయల వంటకమని చెప్పినా అందులో పంది ముక్కలో రొయ్యల ముద్దో పడటం మామూలే. పెసల కూరలోనూ పంది మాంసం వేస్తారు. పాన్సిత్ నూడుల్స్‌లోనూ అంతే. అడిగి తినండి. చేపసాస్, సోయాసాస్, రొయ్యల ముద్ద, ఎర్ర మైనం పూసిన ఉండ చీజు అన్నీ ఉప్పే. బీపీకి అది మంచిది కాదు. సాస్ గిన్నెలు ఆయనకు అందకుండా పెట్టండి.

ఇక మర్యాద. పిల్లలంతా వరసగా వచ్చి మీవారి చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటారు. మనం కాళ్లకు దండం పెట్టినట్టే అది. అంత పెద్దరికం ఇచ్చేవాళ్లు పథ్యాన్ని తప్పుపట్టరమ్మా. అక్కడా షుగర్ ఉన్నవాళ్లు చాలామందే. "బావల్ పో" అనే మాట ఆయనకు నేర్పండి. 'నాకు కూడదండి' అని అర్థం. డాక్టరు వద్దన్నది వాళ్లు కూడా అదే మాటతో చెబుతారు. అన్నిటికన్నా మేలైనది, మీ కోడలు నర్సు. మాత్రల చీటీ ఫొటో తీసి ఆమెకు ఈ వారమే పంపి, వాళ్లమ్మకు ముందే చెప్పించండి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. నెల ముందే చెబితే ఆయన కోసం విడిగా వండి పెడతారు.

మందు తాగే అలవాటుంటే ఖాళీ కడుపున వద్దు. షుగర్ మరీ పడిపోతుంది. లంబనోగ్ అనే కొబ్బరి సారాయి ఎవరు పోసినా తాగకూడదు. 2019 డిసెంబరులో లగూనా ప్రావిన్సులో మిథనాల్ కలిసిన లంబనోగ్ తాగి చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అరికాళ్లు తిమ్మిరి అన్నారు, అది నేను తేలిగ్గా తీసుకోను. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. 31 రాత్రి వీధంతా టపాసులే. నిప్పు మీద కాలు పడినా ఆయనకు తెలియదు. రోజూ పడుకునే ముందు మీరే ఆయన పాదాలు వెలుతురులో చూడండి. శాన్ ఫెర్నాండోలో పెద్ద పెద్ద లాంతర్ల పండుగ జరుగుతుంది, మీరున్న రోజుల్లో ఉంటే తప్పక వెళ్లండి. కాకపోతే చాలాసేపు నిలబడాలి, బూట్లు కొత్తవి వద్దు.

నెల రోజుల మాత్రలు, గ్లూకోమీటరు, చీటీ చేతి సంచిలోనే పెట్టండి. లగేజీలో వేస్తే అది ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మాత్రలకు లెక్కలు అక్కర్లేదు, భోజనం ఎప్పుడో మాత్ర అప్పుడు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ రెండింటి గురించీ వెంటనే డాక్టర్ని అడగాలి. డెంగీ ఉన్న ప్రాంతం కాబట్టి పగలు కూడా దోమల మందు రాసుకోండి. ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. అదే రోజు మీ డాక్టరు గారితో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాయించుకుని, రాత్రి పూట గ్లిమెపిరైడ్ డోసు తగ్గించాలేమో అడగండి.

అక్కడ చూసిన రీడింగులన్నీ టైముతో సహా ఒక పుస్తకంలో రాయండి. తిరిగొచ్చాక మీ డాక్టరు ముందుగా అడిగేది అదే.